స్లీప్‌లోంచి లేవని పాత డెస్క్‌టాప్: జబ్బు ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

స్లీప్‌లో పెట్టిన పాత డెస్క్‌టాప్ దగ్గరికి తిరిగొచ్చి మౌస్ కదిపితే స్క్రీన్ నల్లగానే ఉందనుకోండి, దాదాపు అందరూ వెంటనే చేసే పని పవర్ బటన్‌ని నొక్కి పట్టుకోవడం. నాలుగైదు సెకన్లలో సిస్టమ్ ఆగిపోతుంది, మళ్లీ ఆన్ చేస్తే మామూలుగానే వస్తుంది, కానీ సేవ్ చేయని పని పోతుంది, పైగా అసలు తేడా ఎక్కడ వచ్చిందో చెప్పే గుర్తులు కూడా దాంతోపాటే పోతాయి. కాబట్టి ఈసారి అలా జరిగినప్పుడు ఒక్క రెండు నిమిషాలు ఆగండి. "లేవడం లేదు" అని ఒకే మాటతో చెప్పేస్తాం గానీ అందులో మూడు వేర్వేరు సమస్యలు ఉన్నాయి. సిస్టమ్ లేచింది, బొమ్మ మాత్రం రావడం లేదు. లేదా మీరు పిలుస్తున్న సంగతి దానికి అసలు అందడం లేదు. లేదా లేవబోయి మధ్యలో బిగుసుకుపోయింది. ఈ మూడింట్లో ఏదో తేలకుండా డ్రైవర్లు (ఒక్కో భాగాన్ని నడిపే చిన్న ప్రోగ్రాములు) మార్చడం, విండోస్ మళ్లీ వేయడం, ర్యామ్ కొనడం అన్నీ గుడ్డిగా చేసే పనులే. డబ్బూ సమయమూ రెండూ పోతాయి.

తేల్చుకోవడానికి కావలసింది కీబోర్డు మీద ఉండే చిన్న లైటు. స్క్రీన్ నల్లగా ఉండగానే క్యాప్స్ లాక్ నొక్కండి. లైటు వెలిగి, మళ్లీ నొక్కితే ఆరిందంటే విండోస్ బతికే ఉంది, ఎందుకంటే ఆ లైటుని వెలిగించమని కీబోర్డుకి చెప్పేది విండోసే, కీబోర్డు తనంతట తాను వెలిగించుకోదు. లైటు కదలకపోతే సీపీయూ డబ్బా వైపు చూడండి. ఫ్యాన్లు ఆగి ఉండి, పవర్ లైటు ఇంకా మినుకుమినుకుమంటూనో రంగు మారో ఉంటే అది ఇంకా నిద్రలోనే ఉన్నట్టు. ఫ్యాన్లు తిరుగుతూ, పవర్ లైటు నిలకడగా వెలుగుతూ, క్యాప్స్ లాక్ మాత్రం పలకకపోతే లేవబోయి మధ్యలో ఇరుక్కున్నట్టు. వైర్‌లెస్ కీబోర్డుకి లైటు లేకపోతే ఈ పరీక్ష కోసం ఒక వైరు కీబోర్డు అడిగి తెచ్చుకోండి, మిగతా పరీక్షలకీ అది పనికొస్తుంది. ఇంకో మాట, హార్డ్‌డిస్కు ఉన్న పాత మెషీన్ లేవడానికి ముప్పై సెకన్లు పట్టినా ఆశ్చర్యం లేదు, కాబట్టి తీర్పు చెప్పేముందు ఒక నిమిషమైనా ఇవ్వండి.

విండోస్ లోపల కూడా సాక్ష్యం ఉంటుంది, దీన్ని చాలామంది చూడరు. సిస్టమ్ మళ్లీ ఆన్ అయ్యాక స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్ తెరవండి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ అనేదానికి వెళ్లి సమస్య వచ్చిన సమయం దగ్గర ఆగండి. కెర్నెల్-పవర్ పేరుతో 42 నంబరు కనిపిస్తే అది సిస్టమ్ స్లీప్‌లోకి వెళ్లిన క్షణం. పవర్-ట్రబుల్‌షూటర్ పేరుతో 1 నంబరు ఉంటే విండోస్ నిద్ర లేచిందన్న మాట, దాని మీద క్లిక్ చేస్తే ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, ఎవరు లేపారు అన్నీ రాసి ఉంటాయి. కెర్నెల్-పవర్ 41 అంటే సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే ఆగి మళ్లీ మొదలైందని, మీరు బటన్ నొక్కి పట్టుకుంటే వచ్చేది ఇదే. ఇప్పుడు వరుస చూడండి. 42 తర్వాత 1 వచ్చి, ఆ తర్వాత 41 ఉంటే విండోస్ లేచింది, బొమ్మే రాలేదు, గ్రాఫిక్స్ వైపు వెళ్లండి. 42 తర్వాత మధ్యలో 1 లేకుండా నేరుగా 41 ఉంటే విండోస్ పూర్తిగా లేచేదాకా రాలేదు, కారణం మదర్‌బోర్డు, ర్యామ్, కరెంటు, లేదా మధ్యలో అడ్డుపడ్డ డ్రైవరు.

స్క్రీన్ ఒక్కటే రాకపోతే

ఇది మూడింట్లో తేలికైనది. క్యాప్స్ లాక్ పలుకుతోందంటే ముందు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి. విండోస్ 10, 11లో ఇది గ్రాఫిక్స్ డ్రైవరుని మళ్లీ మొదలుపెడుతుంది, ఒక బీప్ వినిపించి స్క్రీన్ ఒక్కసారి మిణుకుమంటుంది, ఓపెన్ చేసిన ఫైళ్లకి ఏమీ కాదు. దీంతో బొమ్మ వచ్చేసిందంటే దోషం దాదాపు ఖాయంగా డ్రైవరుదే. రాకపోతే మానిటర్‌ని దాని బటన్‌తోనే ఆపి ఆన్ చేయండి, అప్పటికీ లేకపోతే మానిటర్ మెనూలో ఇన్‌పుట్ సరైనదే ఉందో చూడండి, కేబుల్ ఒకసారి తీసి పెట్టండి. డిస్‌ప్లేపోర్ట్ కేబుల్‌తో ఈ గొడవ ఎక్కువ, మానిటర్ గాఢనిద్రలోకి వెళ్లాక గ్రాఫిక్స్ కార్డు దాన్ని గుర్తుపట్టకుండా వదిలేస్తుంది. మానిటర్ మెనూలో డీప్ స్లీప్ లాంటి ఆప్షన్ ఉంటే ఆపేయండి, లేదా కొన్నాళ్లు హెచ్‌డీఎంఐ కేబుల్‌తో నడిపి చూడండి. హెచ్‌డీఎంఐని వీజీఏగా మార్చే చిన్న కన్వర్టర్ పెట్టుకుని పాత మానిటర్ వాడుతున్నవాళ్లు మాత్రం ముందు ఆ కన్వర్టర్‌నే అనుమానించాలి.

ఇక డ్రైవరు. పాత కార్డులకి కొత్త డ్రైవరే మంచిదనుకోవడం సరికాదు. విండోస్ అప్‌డేట్ తనంతట తాను ఒక డ్రైవరు వేసేసి, అప్పటిదాకా బాగా పడుకుని లేచిన సిస్టమ్‌ని పాడు చేయడం మామూలే. ఈ సమస్య ఒక అప్‌డేట్ తర్వాతే మొదలైందని మీకు గుర్తుంటే డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద మీ కార్డు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్, అక్కడ రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. ఆ బటన్ నొక్కడానికి వీల్లేకుండా మసకగా ఉంటే కార్డు కంపెనీ సైట్ నుంచి పాత వెర్షన్ దించుకుని వేసుకోవాలి. అదే చోట మీ కార్డు పేరుకి బదులు మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉందా, అప్పుడు అసలు డ్రైవరే లేదు, ఆ డ్రైవరుతో చాలా సిస్టమ్‌లలో స్లీప్ అన్న ఆప్షనే కనపడదు.

పిలిచినా వినపడకపోతే

సిస్టమ్ ఇంకా నిద్రలోనే ఉంది, మౌస్, కీబోర్డు పట్టించుకోవడం లేదు. పవర్ బటన్‌ని ఒక్కసారి, చిన్నగా నొక్కి వదిలేయండి, నొక్కి పట్టుకోవద్దు. చక్కగా లేచి, మీరు వదిలిన చోటే అన్నీ కనిపించాయా? అయితే మీ మెషీన్‌కి ఏ జబ్బూ లేదు, కీబోర్డు, మౌస్‌లకి దాన్ని లేపే అనుమతి లేదు, అంతే. డివైస్ మేనేజర్‌లో కీబోర్డు ప్రాపర్టీస్ తెరిచి పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కంప్యూటర్‌ని లేపడానికి ఈ డివైస్‌ని అనుమతించు అన్న అర్థంతో ఉండే గడిలో టిక్ పెట్టండి. మౌస్‌కి కూడా పెట్టొచ్చు గానీ బల్ల కదిలినా సిస్టమ్ లేచి కూర్చుంటుంది, కీబోర్డు ఒక్కటి చాలు.

టిక్ ఉన్నా లేవకపోతే ఏ పోర్టులో పెట్టారో చూడండి. పాత బోర్డుల్లో నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులని చాలాసార్లు వేరే కంపెనీ చిప్ నడిపిస్తుంది, స్లీప్‌లో ఉన్నప్పుడు అది సరిగా స్పందించకపోవచ్చు. వెనకవైపు నల్ల పోర్టుకి మార్చితే చాలామందికి అక్కడితో కథ ముగుస్తుంది. మధ్యలో యూఎస్‌బీ హబ్ ఉంటే తీసేయండి. మరీ పాత బోర్డయితే యూఎస్‌బీ పోర్టుల దగ్గర మూడు పిన్నుల మీద చిన్న ప్లాస్టిక్ టోపీలాంటి జంపర్ ఉంటుంది, దాన్ని ఒకవైపు పెడితే పోర్టులకి మామూలు 5 వోల్టులు, రెండోవైపు పెడితే స్లీప్‌లో కూడా ఆగని స్టాండ్‌బై 5 వోల్టులు వస్తాయి. మామూలు వైపు ఉంటే స్లీప్‌లో కీబోర్డుకి కరెంటే ఉండదు, ఇంక అదేం లేపుతుంది? ఏది ఏ వైపో బోర్డు మాన్యువల్‌లో ఉంటుంది, సిస్టమ్ ప్లగ్గు పూర్తిగా తీసేశాకే జంపర్ ముట్టుకోండి.

బయాస్‌లో, అంటే విండోస్ కంటే ముందే మొదలయ్యే బోర్డు సొంత ప్రోగ్రాములో కూడా, రెండు మూడు చోట్ల చూడాలి. స్లీప్ రకం ఎస్1 అని ఉందా ఎస్3 అని ఉందా అన్నది మొదటిది. ఎస్1లో ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, కరెంటు పెద్దగా ఆదా కాదు, ఎస్3లో ర్యామ్‌కి, లేపడానికి కావలసిన కొద్ది భాగాలకి తప్ప మిగతా అన్నిటికీ కరెంటు ఆగిపోతుంది. మీకు కావలసింది ఎస్3. రెండోది ఈఆర్‌పీ అనో ఈయూపీ అనో ఉండే సెట్టింగ్. ఆపి ఉన్న పరికరాలు తాగే కరెంటుకి యూరప్ పెట్టిన నియమం 2010లో 1 వాట్ దగ్గర మొదలై 2013 నుంచి 0.5 వాట్‌కి దిగింది, దాన్ని అందుకోవడానికి బోర్డు కంపెనీలు ఈ సెట్టింగ్ పెట్టాయి. ఇది ఆన్‌లో ఉంటే బోర్డు స్టాండ్‌బై కరెంటుని వీలైనంత తెగ్గోస్తుంది, దాంతో కొన్ని బోర్డుల్లో కీబోర్డుతో లేపడం పోతుంది. ఆపేసి చూడండి. కీబోర్డుతో లేపడం, యూఎస్‌బీతో లేపడం అన్న అర్థంతో ఉండే సెట్టింగులు ఉంటే ఆన్ చేయండి.

ఇక్కడ ఒక తికమక ఉంది. అయిదు నిమిషాల తర్వాత మౌస్ కదిపితే లేస్తుంది, రాత్రంతా వదిలేస్తే పొద్దున లేవదు. ఇలా ఉంటే పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి, స్లీప్ కింద హైబర్నేట్ ఆఫ్టర్ అన్నచోట ఎన్ని నిమిషాలు ఉన్నాయో చూడండి. ఆ గడువు దాటితే సిస్టమ్ ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కుకి రాసేసి పూర్తిగా ఆగిపోతుంది, అప్పుడు చాలా మెషీన్లు పవర్ బటన్‌కి తప్ప దేనికీ లేవవు. అది జబ్బు కాదు. మీకు నచ్చకపోతే అక్కడ నెవర్ అని పెట్టుకోండి.

పవర్ బటన్ చిన్నగా నొక్కినా లేవకపోతే

పాత మెషీన్ల విషయంలో అందరూ వదిలేసేది, నా ఉద్దేశంలో ముందు చూడాల్సింది ఇదే: ఎస్ఎంపీఎస్, అంటే గోడ కరెంటుని కంప్యూటర్‌కి కావలసిన వోల్టేజీల్లోకి మార్చే పెట్టె. స్లీప్‌లో ఉన్నంతసేపూ మీ ర్యామ్‌ని బతికించేది ఎస్ఎంపీఎస్‌లో ఉండే ఒక చిన్న వేరే సర్క్యూట్, బోర్డుకి వచ్చే పెద్ద కనెక్టర్‌లో ఊదారంగు వైరు దానిదే. ప్లగ్గు పెట్టి ఉన్నంతకాలం, మీరు కంప్యూటర్ వాడినా వాడకపోయినా, రాత్రీ పగలూ అది పనిచేస్తూనే ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ వేడికి అందులోని కెపాసిటర్లు (కరెంటుని కాసేపు నిలవ ఉంచే భాగాలు) ఎండిపోతాయి. ఆన్‌లో ఉన్నప్పుడు మిగతా సర్క్యూట్లు బాగానే ఉంటాయి కాబట్టి రోజంతా వాడినా ఏ లోపమూ కనపడదు, స్లీప్‌లో మాత్రం ర్యామ్‌కి సరిపడా వోల్టేజీ నిలవక అందులో ఉన్నదంతా చెదిరిపోతుంది, లేదా లేచే క్షణంలో ఒక్కసారిగా పడే బరువు మోయలేక కూలిపోతుంది.

దీనికి తోడు గుర్తులు ఉంటాయి. పూర్తిగా షట్‌డౌన్ చేసిన తర్వాత కూడా ఒక్కోసారి పవర్ బటన్ మొదటిసారికి పలకదు. గోడ స్విచ్ ఆపి, కాసేపాగి వేస్తే మళ్లీ బాగుంటుంది. డబ్బా పక్క పలక తీసి చూస్తే బోర్డు మీద స్టాండ్‌బై కరెంటు ఉందని చెప్పే చిన్న లైటు చాలా బోర్డుల్లో ఉంటుంది, అది మసకగానో వణుకుతూనో ఉంటుంది. మల్టీమీటర్ వాడటం వచ్చినవాళ్లు సిస్టమ్ స్లీప్‌లో ఉండగా కనెక్టర్ వెనకవైపు నుంచి ఊదారంగు వైరుకి, నల్ల వైరుకి మధ్య కొలవండి. 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. స్లీప్‌లో సరిగ్గా ఉన్నా పక్కన ఇంకొకరిని పవర్ బటన్ నొక్కమని చెప్పి ఆ క్షణంలో మీటరు చూడండి, అంకె దభాలున కిందికి పడితే దొంగ దొరికినట్టే. పడకపోయినా ఎస్ఎంపీఎస్ మంచిదని తీర్పు ఇవ్వకండి, మామూలు మీటరు అంత వేగంగా మారే వోల్టేజీని పట్టుకోలేదు. వీటన్నిటికంటే నమ్మకమైన పరీక్ష, మంచిదని తెలిసిన ఇంకో ఎస్ఎంపీఎస్ ఒకరోజు అడిగి తెచ్చి పెట్టి చూడటం. ఎస్ఎంపీఎస్ డబ్బాని మాత్రం విప్పొద్దు, ప్లగ్గు తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో ప్రాణం మీదికి తెచ్చేంత కరెంటు నిలిచి ఉండొచ్చు. మారిస్తే మొత్తం మార్చడమే.

డబ్బా తెరిచారు కాబట్టి ప్లగ్గు తీసేసి, బోర్డు మీది కెపాసిటర్లని కూడా టార్చి వేసి చూడండి. నిలువుగా ఉండే చిన్న డబ్బాల్లాంటి వాటి పైభాగం చదునుగా ఉండాలి. ఉబ్బినా, పైన గోధుమరంగు కారిన మరక ఉన్నా బోర్డు ఆయువు తీరినట్టే, 2000ల తొలి ఏళ్లలో తయారైన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్ల వల్ల ఇది విపరీతంగా జరిగింది. పక్కనే రూపాయి బిళ్లంత గుండ్రంగా సీఆర్2032 సెల్ ఉంటుంది. కంప్యూటర్ గడియారం తప్పుతోందంటే, ముఖ్యంగా ప్లగ్గు తీసి పెట్టిన తర్వాత, ఆ సెల్ అయిపోయింది. సెల్ అయిపోతే బయాస్ సెట్టింగులు మొదటికి వచ్చేస్తాయి, మీరు పైన మార్చుకున్న ఎస్3, ఈఆర్‌పీ సంగతులన్నీ పోతాయి. కొత్తది వేసి సెట్టింగులు మళ్లీ పెట్టుకోండి. ఒక జాగ్రత్త: సిస్టమ్ స్లీప్‌లో ఉన్నప్పుడు ర్యామ్‌కి కరెంటు ఉంటుంది, చూడటానికి మాత్రం ఆపేసినట్టే కనిపిస్తుంది. అలాంటప్పుడు ర్యామ్ కర్రో కార్డో లాగితే కాలిపోవచ్చు. ఏది తీయాలన్నా ముందు షట్‌డౌన్ చేసి, ప్లగ్గు తీసి, పవర్ బటన్‌ని పది పదిహేను సెకన్లు నొక్కి మిగిలిన కరెంటు పోనివ్వాలి.

లేవబోయి బిగుసుకుపోతే

ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వచ్చాయి, క్యాప్స్ లాక్ పలకదు. లేదా లేచినట్టే లేచి మొదటి నుంచి బూట్ అవుతుంది. బూట్ అయిపోతోందంటే స్లీప్‌లో ర్యామ్‌లోని సమాచారం పోయిందన్న అనుమానం బలపడుతుంది, పైన చెప్పిన ఎస్ఎంపీఎస్ సంగతి మొదట చూసి తర్వాత ర్యామ్ దగ్గరికి రండి. బయాస్‌లో ర్యామ్‌ని మామూలుకంటే వేగంగా నడిపే ఎక్స్ఎంపీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఆపేసి ర్యామ్‌ని దాని మామూలు వేగంతో నడపండి. రెండు వేర్వేరు కంపెనీల కర్రలు కలిపి పెట్టి ఉంటే ఒక్కొక్కటిగా ఉంచి పరీక్షించండి. స్టార్ట్ మెనూలో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని వెతికి నడపండి, తప్పులు చూపిస్తే మారుమాట లేకుండా ఆ కర్ర తీసేయండి, చూపించకపోయినా స్లీప్ విషయంలో ర్యామ్ నిర్దోషి అని తేలినట్టు కాదు, ఎందుకంటే ఆ పరీక్ష సిస్టమ్ పూర్తిగా మేలుకుని ఉండగా జరుగుతుంది.

ర్యామ్ కాకపోతే డ్రైవర్లు, అదనపు కార్డులు. యూఎస్‌బీకి తగిలించినవన్నీ, కీబోర్డు మౌస్ తప్ప, ప్రింటరు, వెబ్‌క్యామ్, వైఫై డాంగిల్, బయటి హార్డ్‌డిస్కు, అన్నీ పీకేసి స్లీప్‌లో పెట్టండి. బాగా లేస్తే ఒక్కొక్కటే తగిలిస్తూ దోషి ఎవరో పట్టుకోండి. తర్వాత అడ్వాన్స్‌డ్ పవర్ సెట్టింగ్స్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్‌ని ఆఫ్ చేయండి, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్‌ని కూడా ఆపండి. ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చి, రీస్టార్ట్ చేసి, పరీక్షించండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే చాలదు: విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్‌లో డ్రైవర్ల స్థితి డిస్కులో దాచి మళ్లీ అదే తెస్తుంది, రీస్టార్ట్‌లోనే అన్నీ కొత్తగా మొదలవుతాయి. బోర్డు కంపెనీ ఇచ్చిన చివరి బయాస్ వెర్షన్ వివరాల్లో స్లీప్‌కి సంబంధించిన మాట ఉంటే వేసుకోవచ్చు, లేకపోతే దాని జోలికి పోకపోవడమే మేలు, మధ్యలో కరెంటు పోతే బోర్డే పోవచ్చు. లినక్స్ వాడేవాళ్లు బూట్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుని చూడండి, దాంతో బాగా లేస్తే హార్డ్‌వేర్‌ని వదిలేసి కెర్నెల్, గ్రాఫిక్స్ డ్రైవర్ల మీద పడొచ్చు.

ఇంకా తేలలేదా? హైబర్నేట్‌ని పరీక్షగా వాడుకోండి. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్ అనే ఇంగ్లిషు మాటకి సి, ఎఫ్, జి అక్షరాలు అతికించి టైప్ చేయండి, తర్వాత ఒక ఖాళీ, స్లాష్, ఏ. మీ సిస్టమ్‌కి ఏ రకం నిద్రలు వచ్చో, ఏవి రావో, ఎందుకు రావో అన్నీ చూపిస్తుంది. జాబితాలో హైబర్నేట్ లేకపోతే అదే ఆదేశంలో స్లాష్ ఏ బదులు స్లాష్ హెచ్, ఖాళీ, ఆన్ అని కొట్టండి. తర్వాత కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట హైబర్నేట్‌కి టిక్ పెడితే స్టార్ట్ మెనూలోకి వస్తుంది. ఇప్పుడు హైబర్నేట్ చేసి లేపండి. హైబర్నేట్‌లో ర్యామ్‌కి కరెంటుతో పని లేదు, లేచేటప్పుడు బోర్డు కూడా మొదటి నుంచి మొదలవుతుంది. కాబట్టి హైబర్నేట్ నుంచి ప్రతిసారీ చక్కగా లేచి, స్లీప్ నుంచి మాత్రం లేవకపోతే దోషం స్టాండ్‌బై కరెంటు, ర్యామ్, బయాస్, ఈ మూడింట్లో ఉండే అవకాశమే ఎక్కువ. హైబర్నేట్ నుంచి కూడా నల్ల స్క్రీనే వస్తే ఎస్ఎంపీఎస్ కొనే ఆలోచన పక్కన పెట్టి గ్రాఫిక్స్ డ్రైవరు దగ్గరికి తిరిగి వెళ్లండి. హైబర్నేట్ నుంచి లేచి స్లీప్ నుంచి లేవని రకమని తేలి, పార్టుల మీద ఖర్చు పెట్టడం ఇష్టం లేకపోతే, ఎస్ఎస్‌డీ ఉన్న మెషీన్‌లో స్లీప్ ఆపేసి హైబర్నేట్‌తోనే నడుపుకోవచ్చు, లేవడానికి ఇంకొంచెం ఎక్కువసేపు పడుతుంది, మధ్యలో కరెంటు పోయినా తెరిచి ఉంచిన పని పోదు.